దొరగారి నారింజ చెట్టు

బెన్నెబా చేతుల మీదుగా పుట్టినవాళ్లంతా ఒక్కసారి వచ్చి నిలబడితే టార్బీ తోటలో చెరుకు నాటడానికి చోటు మిగిలేది కాదు. జమైకాలో మా కొండల కింద అంతటి మంత్రసాని మరొకరు లేరు. అయినా ఆమెను ఎవరూ గద్దె మీద కూర్చోబెట్టలేదు. పగలంతా అందరితోపాటు చెరుకు చేలో పార పట్టుకుని గోతులు తవ్వేది. ఎవరికైనా నొప్పులని కబురొస్తే పార అక్కడే పడేసి పరుగెత్తేది. కానుపు చేసి, చేతులు కడుక్కుని, మళ్లీ వచ్చి అదే గోతిలో నిలబడేది. ఆలస్యమైతే కొరడా ఎలాగూ ఉంది.

మాకు పిల్లలు పుడితే దొరలకు పండగ. బిడ్డ కళ్లు తెరవకముందే వాళ్ల సొత్తు. వాళ్ల కాగితాల్లో మా పేర్లు ఎద్దులకూ కంచరగాడిదలకూ మధ్యన ఎక్కేవి. ఆ రాతను బెన్నెబా చెరపలేదు కనక తను చేయగలిగింది తను చేసేది. బొడ్డు ఎండి రాలగానే గుడ్డముక్కలో చుట్టి, ఆదివారం కొండెక్కి, ఆ తల్లి పెండలం పాదుల పక్కన పాతిపెట్టి, పైన ఒక మొక్క నాటేది. నిమ్మో, జామో, కొబ్బరో, ఏది చేతికి దొరికితే అది. ఆ చెట్టు ఇక ఆ బిడ్డది. దాని కాయ ఇంకొకరు అడక్కుండా కోయరు. తోటలో ఎవరినైనా నీదెక్కడ అని అడిగితే తోట పేరు చెప్పరు, "అదిగో, వాగు పక్కన జామచెట్టు నాది" అంటారు. బొడ్డు పడిన నేలకు మనిషి ద్రోహం చేయలేడని బెన్నెబా నమ్మకం. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది.

ఆమె కడుపున పుట్టి బతికింది ఒక్కతే, మింబా. మింబాది కొబ్బరిచెట్టు. చెరుకు చేలో నడుము పట్టేసి తలెత్తినప్పుడల్లా కొండ అంచున దాని తల కనిపించేది. మింబా మాత్రం లేదు. దీవి అవతలి ఒడ్డున ఇంకో తోటలో మనుషులు చాలడం లేదని ఆమెను బండెక్కించి పంపేశారు, ఒక కొట్లోంచి ఇంకో కొట్లోకి పార పంపినట్టు. బండి కదులుతుంటే ఆ పిల్ల ఏడవలేదు. "అమ్మా, నా చెట్టు చూస్తూ ఉండు. వచ్చాక కాయలు కొట్టుకు తిందాం" అంది. అప్పటినుంచి బెన్నెబా ఆ చెట్టు కాయ ఒక్కటి కూడా తినలేదు. రాలిన కాయలు పక్కనే పాతిపెట్టేది.

మింబాను పంపింది పెండ్రిక్ దొర. ఆయన మా అటార్నీ. అటార్నీ అంటే కోర్టు మనిషి అనుకునేరు, కాదు. ఇంగ్లండు సీమలో కూర్చున్న యజమానుల తరఫున ఇక్కడ తోటలు నడిపేవాడు. యజమానులు దీవి మొహం చూడరు. ఇలాంటి తోటలు పెండ్రిక్ చేతి కింద ఎన్నో ఉండేవి. ఓడెక్కిన ప్రతి చక్కెర పీపా మీదా ఆయనకు వాటా. అంచేత ఆయనకు లోకంలో తెలిసినవి రెండే రకాల నేలలు, చెరుకున్న నేల, చెరుకు లేని నేల. యజమాని కోసం కట్టిన పెద్దబంగళాలో తను కాపురమున్నాడు, యజమాని కోసం దించిన సారా తను తాగాడు, యజమాని మంచం మీద తను గుర్రుపెట్టాడు. యజమానికి మాత్రం ఓడ ఓడకీ తమరి దాసుణ్ని అని రాసేవాడు. దాసుడట! దాస్యమంటే ఏమిటో మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లం.

ఆ ఏడు చెరుకు కోత సాగుతుండగా ఒక పొద్దున, శంఖం ఊదగానే, బుషా మమ్మల్ని గానుగ ముందు నిలబెట్టాడు. బుషా అంటే అటార్నీ కింద తోటలోనే ఉండి కొరడా నడిపించే పెత్తందారు.

"కోత అవగానే కొండ చదును చేస్తున్నాం. చెట్లన్నీ కొట్టేయాలి. ఇక అక్కడా చెరుకే" అన్నాడు. "మీ తిండికేం దిగుల్లేదు. సీమ నుంచి ఉప్పుచేపల పీపాలొస్తాయి."

మాకు వారానికి దొరికేది ఆ ఒక్క ఆదివారం. ఆ రోజు కొండమీద పండించుకున్న పెండలం, చేమ, అరటే మిగతా వారమంతా మా కడుపుల్లోకి పోయేది. మిగిలితే సంతలో అమ్మి గుడ్డముక్క కొనుక్కునేవాళ్లం.

"మరి మా చెట్లో?" అంది బెన్నెబా.

"నీ చెట్లా? నువ్వే మా దానివి, నీకు చెట్లెక్కణ్నుంచి వచ్చాయే?" అన్నాడు బుషా. వెనక నిలబడ్డ తెల్ల గుమాస్తాలు పగలబడి నవ్వారు.

బెన్నెబాకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరు కట్టుకుని పార భుజానేసుకుంది. చేలో ఎడ్లు తోలే క్వావ్ బండి ఆపి ఆమె పక్కకొచ్చాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్లు, ఒక చూరు కింద పెరిగినవాళ్లు. అతని నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏంటే, బుషా అంతలేసి మాటన్నా నోరు మెదపకుండా పోతున్నావు?"

"వాగనీరా. రోలండ్ వస్తున్నాడు. వాడొచ్చాక చూద్దాం, ఎవడు ఏ చెట్టు కొడతాడో."

రోలండ్ టార్బీ మా తోటకి కొత్త యజమాని. తండ్రి పోయాడు, ఆస్తి చేతికొచ్చింది, ఒకసారి చూసిపోదామని ఓడెక్కాడు. కానీ బెన్నెబాకు వాడు కొత్తవాడు కాదు. వాడు పుట్టింది ఇక్కడే, పెద్దబంగళాలో. కన్నతల్లి జ్వరంతో పోతే, అప్పుడే తొలిచూలు బిడ్డను పోగొట్టుకుని పాలు కారుతున్న బెన్నెబా ఒళ్లో వాణ్ని పడేశారు. బెన్నెబా తల్లి, తెల్లదొర బిడ్డ అని కూడా చూడకుండా, బొడ్డు రాలగానే వంటిల్లు వెనక పాతి నారింజ మొక్క నాటింది. ఆవిడకు బిడ్డంటే బిడ్డే. మాటలు వచ్చీరాని వయసులో వాడు బెన్నెబాను బెబా, బెబా అంటూ కొంగు పట్టుకు తిరిగాడు. ఆ తర్వాత ఓడెక్కించారు. చెట్టు మాత్రం ఇక్కడే పెరిగి పెద్దదైంది.

"వాడి బొడ్డు ఇక్కడుంది రా" అంది.

"బొడ్డిక్కడుంటే ఏం లాభం? పొట్ట సీమలో ఉందిగా" అన్నాడు క్వావ్.

"నోర్ముయ్. వాడు నా పాలు తాగాడు."

"తాగాడు, బలిసాడు, పోయాడు. నువ్వింకా జోలపాట దగ్గరే ఆగిపోయావే బెన్నెబా!"

క్వావ్ ఎంత ఎగతాళి చేసినా మిగతావాళ్లు బెన్నెబా మాటే పట్టుకున్నారు. పట్టుకోక ఏం చేస్తారు? బుషా కొడితే అటార్నీకి చెప్పుకుందామనీ, అటార్నీ కొడితే సీమలో ఉన్న పెద్దదొరకి తెలియక గానీ తెలిస్తే ఊరుకోడనీ మా వాళ్లు తరాలుగా అనుకుంటూనే ఉన్నారు. కంటికి కనపడని దొర ఎప్పుడూ మంచివాడే. కొండ గురించి తాము నోటితో అడగలేని సంగతంతా బెన్నెబా నోటితో అడిగించాలని నిర్ణయమైపోయింది.

రోలండ్ దొర దిగే ముందు మా గుడిసెలకు సున్నం కొట్టించారు. అందరికీ కొత్త గుడ్డలిచ్చారు. పుళ్లు పడ్డవాళ్లనూ, వీపులు చిట్లినవాళ్లనూ దూరపు పశువుల దొడ్డికి తరిమారు. బుషా నడుముకెప్పుడూ వేలాడే కొరడా ఆ రోజు కనిపించలేదు. పాడుకుంటూ ఎదురెళ్లమంటే ఎదురెళ్లాం. ఆయన గుర్రం దిగాడు. గుండ్రటి మొహం, ఎర్రటి బుగ్గలు, చేతిలో రుమాలు. మమ్మల్ని చూడగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. అది నటన కాదు. నటనైతే ఇంత మంట ఉండేది కాదు.

"ఇందులో బెబా ఎవరు?" అన్నాడు.

బెన్నెబా ముందుకొచ్చింది. ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. తోటంతా కేకలు పెట్టింది. ఆమె తల తిప్పి క్వావ్ వైపు చూసింది, ఇప్పుడేమంటావురా అన్నట్టు. క్వావ్ ఎద్దు మెడ గోకుతూ ఉండిపోయాడు.

మర్నాడు ఆయనే బెన్నెబాను పిలిపించుకున్నాడు. ఆమె ఆయన్ను వంటిల్లు వెనక్కు తీసుకెళ్లి నారింజ చెట్టు చూపించింది. ఆ చెట్టు మొదట్లో ఏముందో చెప్పింది. ఆయన బెరడు మీద చెయ్యేసి నిమిరాడు.

"అయితే నేను కూడా ఇక్కడివాణ్నే అన్నమాట" అన్నాడు.

"కాకపోతే మరెక్కడివాడివి నాయనా?" అంది బెన్నెబా. "నీకిది ఎలాగో, కొండమీద ఒక్కొక్కరికీ ఒక్కో చెట్టుంది. నా మింబాకి కొబ్బరిచెట్టుంది. దాన్ని నా దగ్గర్నుంచి తీసుకుపోయారు, చెట్టొకటి మిగిలింది. ఇప్పుడు కొండంతా కొట్టేస్తామంటున్నారు. తిండీ పోతుంది, మా వాళ్ల గుర్తులూ పోతాయి. నువ్వొక్క మాటంటే చాలు. కొండ జోలికి రావద్దని ఒక్క మాట."

"పెండ్రిక్‌తో మాట్లాడతాను బెబా. నువ్వు దిగులు పెట్టుకోకు."

ఆ మాటకు మా గుడిసెల్లో డప్పులు మోగాయి. బెన్నెబా కొండెక్కి మింబా చెట్టు మొదలు శుభ్రం చేసి వచ్చింది.

రోలండ్ దొర ఓడెక్కే ముందు మమ్మల్ని బంగళా ముందుకి పిలిపించాడు. వరండాలో పెండ్రిక్ దొర పక్కనే నిలబడి ఉన్నాడు, వెన్న తిన్న పిల్లిలాగా. రోలండ్ దొర గొంతు సవరించుకున్నాడు.

"మీ కష్టం చూశాను. వారమంతా చేలో పనిచేసి, ఉన్న ఒక్క ఆదివారం కూడా మీరు కొండెక్కి తవ్వుకుంటున్నారు. నా మనసు ఒప్పుకోలేదు. పెండ్రిక్ గారు మంచి ఉపాయం చెప్పారు. ఇకనుంచి మీకు కొండెక్కే బాధ లేదు. తిండి మేమే ఇస్తాం. ఆదివారం హాయిగా ప్రార్థన చేసుకోండి."

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరం బెన్నెబా వైపు తిరిగాం. ఇంతకంటే కొరడా నయం. కొరడా దెబ్బ కొట్టి, కొట్టానని ఒప్పుకుంటుంది. ఈయన కంచం లాక్కుని, అరిగించుకునే బాధ తప్పించానంటున్నాడు.

"నాయనా, చెట్లు?" అంది బెన్నెబా.

"చెట్లకేముంది బెబా, దేవుడి దయవల్ల విత్తనాలకి కొదవా? గుడిసెల పక్కన నీ కూతురికి ఇంకోటి నాటుకో" అన్నాడాయన మెత్తగా. "నీ గురించి కూడా ఆలోచించాను. ఇక నువ్వు పార పట్టక్కర్లేదు. నా నారింజ చెట్టుకి నీళ్లు పోసుకుంటూ ఉండు. అదే నీ పని."

ఓడెక్కేలోగా నారింజ చెట్టు చుట్టూ కంచె కట్టించాడు. కంచెకు తెల్లరంగు వేయించాడు. ఆ చెట్టు మీద చెయ్యేస్తే ఎవరైనా సరే ఊరుకోనని పెండ్రిక్ ఎదుటే చెప్పాడు. వెళ్లేటప్పుడు బెన్నెబా చేతిని మళ్లీ నొక్కాడు. ఆమె చెయ్యి వెనక్కు లాక్కోలేదు. ఆ సంగతి తలుచుకుని తర్వాత చాలాసార్లు ఆ చెయ్యి ఇసకతో తోముకుంది.

చెట్లు మాచేతే కొట్టించారు. ఎవరి చెట్టు వాళ్లచేతే. మింబా చెట్టుకి క్వావ్‌ను పిలిచారు. గొడ్డలి ఇస్తే అవతల పారేశాడు. కొరడా దెబ్బలు తిని కూడా గొడ్డలి పట్టలేదు. బుషా ఇంకొకడి చేత కొట్టించాడు. బంగళా వెనక కంచె దగ్గర నీళ్ల కుండతో నిలబడ్డ బెన్నెబాకు కొండ అంచున ఆ చెట్టు తల ఊగడం కనిపించింది. ఆ తర్వాత అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు.

పీపాలొచ్చాయి. మూత తీస్తే కంపు గానుగ దాకా కొట్టింది. సగం పుచ్చిన ఉప్పుచేపలు. వాటికోసం కూడా వరసలో నిలబడాలి, చేతులు చాపాలి. ముందు పాలిచ్చే తల్లులకు పాలు ఎండాయి. తర్వాత పిల్లలు ఒకరి వెనక ఒకరు పోయారు. బెన్నెబా కానుపులు చేస్తూనే ఉంది గానీ, గుడిసెల గోడల దాకా చెరుకు నాటేశాక రాలిన బొడ్డులు పాతడానికి చోటేదీ? గుడ్డముక్కల్లో కట్టి ఒక సొరకాయ బుర్రలో దాచేది. తల్లులు అడిగేవాళ్లు.

"అవ్వా, నా బిడ్డది ఎక్కడ పాతావు?"

"చూస్తున్నానమ్మా, చూస్తున్నాను" అనేది. అబద్ధం చెప్పలేక మొహం తిప్పుకునేది.

ఒక రోజు ఖాళీ పీపాలు కడగడానికి తీసుకుపోతుంటే బెన్నెబా ఎదురెళ్లి ఆపింది. అడుగున తెట్టుకట్టిన ఉప్పునీళ్లు మిగిలి ఉన్నాయి. వాటిని కుండలోకి వంచుకుంది. నెత్తిన పెట్టుకుని బంగళా ముందునుంచే, పట్టపగలు, అందరూ చూస్తుండగా నడిచి వెళ్లింది. కంచె తలుపు తీసి, నారింజ చెట్టు మొదట్లో చుక్క మిగలకుండా పోసింది. మర్నాడూ అదే పని. ఆ మర్నాడూ అదే పని. ఎవరూ ఏమీ అనలేదు. నీళ్లు పొయ్యడమే కదా ఆమె పని! పెండ్రిక్ దొర వరండాలోంచి చూసి, బుషాతో, "చూశావా, ముసలిదానికి ఎంత విశ్వాసమో" అన్నాడు కూడా.

మొదట ఆకుల అంచులు మాడాయి. తర్వాత ఆకులు పసుపెక్కి రాలాయి. పిందెలు నల్లబడి ముడుచుకున్నాయి. ఒక సాయంత్రం క్వావ్ ఎడ్లను తోలుకుపోతూ కంచె దగ్గర ఆగాడు. చెట్టు వైపు చూశాడు, నేల మీద మెరుస్తున్న ఉప్పు వైపు చూశాడు.

"నీళ్లు బాగానే పోస్తున్నావే!"

"దొర తినమన్నదే దొర చెట్టుకి పెడుతున్నా. నాకు తేడాలు చూపించడం రాదు."

వీపు మీద ఆ దెబ్బలు పడ్డ దగ్గర్నుంచి నవ్వని క్వావ్ ఆ పూట కంచె పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

చెట్టు నిలువునా చచ్చింది. పెండ్రిక్ దొరకు పై ప్రాణం పైనే పోయింది. రోలండ్ దొర ఓడ ఓడకీ అడిగేది చెరుకు గురించి కాదు, మా గురించీ కాదు, నా చెట్టు ఎలా ఉంది అనే. యజమానుల కుర్చీలో కూర్చుని ఇన్ని తోటలు నడిపిన పెండ్రిక్ కంచె కట్టిన ఒక్క చెట్టును బతికించలేకపోయాడంటే ఆ కుర్చీ కిందికి నీళ్లొస్తాయి. బెన్నెబాను పిలిపించాడు.

"ఏమైందే చెట్టుకి?"

"నేలకి పడలేదేమో దొరా" అంది.

కొట్టిస్తే తోటంతా తెలుస్తుంది, తోటంతా తెలిస్తే సీమకీ పాకుతుంది. ఆయన చెయ్యెత్తి, మళ్లీ దించాడు.

"నోరెత్తావంటే తాట తీస్తాను. చెట్టు చావలేదు, తెలిసిందా? రేపు అదే జాతి మొక్క తెప్పిస్తున్నాను. అదే చోట నాటు. బుషాకైనా సరే, అది పాత చెట్టు పిలకే అని చెప్పు. ఇది కూడా చచ్చిందో, నిన్ను అక్కడే పాతిస్తాను."

"ఇది చావదు దొరా. దీనికి మంచినీళ్లు పోస్తాను" అంది బెన్నెబా.

ఆయనే దగ్గరుండి పాత మొదలు తవ్వించాడు, ఉప్పు పట్టిన మన్ను ఎత్తిపోయించాడు. ఆ మన్నుతోపాటు అందులో ఉన్నది కూడా పెంటకుప్ప మీదికి పోయింది. బెన్నెబా దాన్ని వెతకలేదు. కొండకి వెళ్లి, చెరుకు గోతుల మధ్య మింబా చెట్టు ఉన్నచోటి మన్ను ఒడినిండా తెచ్చింది. సొరకాయ బుర్ర కూడా తెచ్చింది. గోతిలో ముందు ఆ మన్ను పోసింది, తర్వాత బుర్రలో ఉన్న గుడ్డముక్కలన్నీ ఒక్కొక్కటే పేర్చింది. బతికినవాళ్లవీ, పోయినవాళ్లవీ కూడా. ప్రతి ఒక్కటీ ఎవరిదో పేరు పెట్టి పలికింది. పెండ్రిక్ దొర వరండాలోంచి చూస్తూ, ముసలిదేదో ప్రార్థన చేస్తోందనుకున్నాడు. వాటిమీద నారింజ మొక్క నాటి, మంచినీళ్లు పోసింది.

ఆ చెట్టు ఎలా పెరిగిందో చూడాలి! కంచెకు ఏటా తెల్లరంగు. మేకలు రాకుండా కాపలా. చెయ్యేస్తే ఊరుకోనన్న దొర మాట ఎలాగూ ఉండనే ఉంది. పెండ్రిక్ బతికినన్నాళ్లూ వేరే తోట నారింజలు కొని, ఇవి తమరి చెట్టువే అని సీమకి పంపుతూ వచ్చాడు. అక్కడ ఆ దొర వాటిని అతిథులకు పెట్టి, జమైకాలో నా చెట్టు అని కళ్లు తుడుచుకునేవాడట.

ఈ చెట్టు కాయలు బెన్నెబా కోసి గుడిసెలకు తెచ్చేది. అడిగినవాళ్లకు రాలిన కాయలే అని చెప్పేది. ఒకసారి చెరుకు సాళ్లలో కాన్పయిన ఒక పచ్చి బాలింత, అందరిలాగే బిక్కుబిక్కుమంటూ అడిగింది.

"అవ్వా, అందరి చెట్లూ కొట్టేశారు కదా. మరి నా పిల్లదెక్కడ పాతావు?"

బెన్నెబా ఈసారి మొహం తిప్పుకోలేదు. ఆమెను గుమ్మంలోకి నడిపించి, బంగళా వెనక తెల్లకంచె చూపించింది.

"అదిగోనమ్మా, అక్కడ. నా మింబా పక్కన. దొరలే కాపలా కాస్తున్నారు."